బయోఇన్ఫర్మేటిక్స్‌లో తొలి అడుగు: ఐదు మార్గాల్లో మీకు తగినది ఏది?

ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్న విద్యార్థి, బీటెక్ పూర్తిచేసి జీవశాస్త్రం వైపు రావాలనుకుంటున్న ఇంజినీరు, వరి వంగడాలపై పనిచేస్తున్న వ్యవసాయ శాస్త్రవేత్త, డిగ్రీ కళాశాలలో పాఠం చెప్పే అధ్యాపకురాలు – వీరంతా బయోఇన్ఫర్మేటిక్స్ (జన్యువులు, ప్రొటీన్ల సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే రంగం) దగ్గరికి వచ్చేసరికి ఒకే చోట ఆగిపోతున్నారు. ఒకరిని అడిగితే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోమంటారు. మరొకరు గణాంకాలకు వాడే ఆర్ భాష రాకపోతే పరిశోధన ముందుకు సాగదంటారు. ఇంకొకరు ముందు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి రావాలంటారు. సలహా ఇచ్చేవారు తమ పనికి ఏది అక్కరకు వచ్చిందో దాన్నే చెబుతారు గనుక, అడిగిన మనిషి అవసరం ఏమిటన్నది పక్కకు పోతుంది.

ఇక్కడ ఐదు మార్గాలను పోల్చి చూస్తున్నాను: బ్రౌజర్‌లో పనిచేసే ఉచిత డేటాబేస్‌లు, గెలాక్సీ అనే విశ్లేషణ వేదిక, ఆర్ భాష, పైథాన్ భాష, లినక్స్ కమాండ్ లైన్ (ఆదేశాలు టైపు చేసి పనిచేయించే పద్ధతి). నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. ఎవరైనా సరే బ్రౌజర్‌తోనే మొదలుపెట్టాలి. అయితే ఒకే పనిని మూడోసారి చేయవలసి వచ్చిన రోజున అక్కడి నుంచి కదలాలి. ఎటు కదలాలన్నది మనిషిని బట్టి, పనిని బట్టి మారుతుంది. మిగిలిన వ్యాసమంతా దాని గురించే.

## పోలికకు తీసుకున్న ఉదాహరణ

పోలిక గాలిలో సాగకుండా ఉండడానికి ఒకే జన్యువును చివరిదాకా వెంట తీసుకువెళదాం. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌లో ఒక భాగమైన బీటా గ్లోబిన్ జన్యువు. శాస్త్రవేత్తలు దీన్ని హెచ్‌బీబీ అని రాస్తారు. 11వ క్రోమోజోమ్ మీద ఉండే ఈ జన్యువులో ప్రొటీన్‌గా మారే భాగం పొడవు 444 డీఎన్‌ఏ అక్షరాలే (ఏ, టీ, జీ, సీ). చివర ఉండే ఆపు సంకేతాన్ని తీసేస్తే, మూడక్షరాలకు ఒకటి చొప్పున, ప్రొటీన్‌కు ఇటుకల్లాంటి 147 అమైనో ఆమ్లాలు వస్తాయి. ఆ 444 అక్షరాల్లో 20వది ఏ బదులు టీ అయినప్పుడు జీఏజీ అన్న మూడక్షరాల మాట జీటీజీగా మారి, గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ వచ్చి కూర్చుంటుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా ఇదే మార్పు అందిన బిడ్డకు సికిల్ సెల్ అనీమియా వస్తుంది. ఆదిలాబాద్ ప్రాంతంలోనూ విశాఖ మన్యంలోనూ ఎన్నో గిరిజన కుటుంబాలు భరిస్తున్న వ్యాధి ఇది. దీని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రత్యేక కార్యక్రమాన్ని కూడా ప్రారంభించింది.

ఈ జన్యువును ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. దీని గురించి మనకు జవాబులు ముందే తెలుసు. కొత్త పనిముట్టును చేతిలోకి తీసుకున్నప్పుడల్లా జవాబు తెలిసిన ప్రశ్ననే మొదట దానికి వేయాలి. 444 అక్షరాలు ఇస్తే 147 అమైనో ఆమ్లాలు రాకపోతే తప్పు మన దగ్గరో, పనిముట్టు దగ్గరో ఉన్నట్టే. నేడు చాలామంది కృత్రిమ మేధతో ప్రోగ్రాములు రాయించుకుంటున్నారు. అలాంటి ప్రోగ్రామును నమ్మాలో వద్దో తేల్చడానికి కూడా ఈ పరీక్షే అక్కరకు వస్తుంది.

## ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

మొదటిది డేటా పరిమాణం. ఒక జన్యువును చూడడం వేరు, ఇరవై వేల జన్యువులను కలిపి చూడడం వేరు. హెచ్‌బీబీ సీక్వెన్స్‌ను (అంటే దాని అక్షరాల వరుసను) ఫోనులో సందేశంగా పంపవచ్చు. అదే ఒక మనిషి పూర్తి జీనోమును (మొత్తం డీఎన్‌ఏను) ముప్పై రెట్ల లోతున, అంటే ప్రతి చోటునూ సగటున ముప్పైసార్లు చదివితే యంత్రం నుంచి వచ్చే ఫైళ్లు కుదించిన తరువాత కూడా వంద జీబీ దరిదాపుల్లో ఉంటాయి. మొదటి పనికి సరిపోయే మార్గం రెండో పనికి ఏమాత్రం చాలదు.

రెండోది, నేను అన్నింటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది: చేసిన పనిని అచ్చం అలాగే మళ్లీ చేయగలగడం. ఆరు నెలల తరువాత గైడు అడిగినప్పుడు, లేదా పరిశోధన పత్రాన్ని పరిశీలించేవారు ప్రశ్నించినప్పుడు, ఏ ఫైలు మీద ఏ క్రమంలో ఏమి చేశారో చూపగలగాలి. ఏ బటన్ నొక్కామో జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పే మార్గానికీ, ప్రతి అడుగునూ రాతలో దాచిపెట్టే మార్గానికీ ఇక్కడ తేడా బయటపడుతుంది.

మూడోది యంత్రమూ ఇంటర్నెట్టూ. మామూలు ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ (జన్యువు నుంచి తయారయ్యే నకలు) డేటాను మనిషి జీనోముతో సరిపోల్చే స్టార్ అనే ప్రోగ్రాముకు దాదాపు 30 జీబీ కావాలి. ఈ లెక్క చూసుకోకుండా పని మొదలుపెట్టి, యంత్రం మధ్యలో ఆగిపోతే తమకే చేతకాలేదనుకుని ఈ రంగాన్నే వదిలేసేవారు ఉన్నారు. అది చాలా బాధాకరమైన సంగతి.

నాలుగోది డేటా ఎవరిదన్న ప్రశ్న. బహిరంగ డేటాబేస్ నుంచి తీసుకున్న సీక్వెన్స్‌ను ఎక్కడికి పంపినా ఇబ్బంది లేదు. ఆసుపత్రిలో రోగి నుంచి సేకరించిన జీనోమును మరో దేశంలోని సర్వర్‌కు ఎక్కించే ముందు మాత్రం రోగి అంగీకారమూ, సంస్థ నైతిక సంఘం అనుమతీ ఉన్నాయా అని చూసుకోవాలి. పేరు తీసేసినా జీనోము ఆ మనిషిదే.

నేర్చుకోవడానికి పట్టే సమయాన్ని ఐదోదిగా చెప్పవచ్చు గానీ, దానికి అంత ప్రాధాన్యం ఇవ్వనక్కరలేదు. రెండు నెలలు ఎక్కువ పట్టినా సరైన మార్గం పట్టినవారు తరువాతి రెండేళ్లలో దాన్ని పూడ్చుకుంటారు.

| మార్గం | తొలి ఫలితం | ఎంత డేటాకు తగును | పనిని మళ్లీ చేసి చూపడం | కావలసిన యంత్రం |
|---|---|---|---|---|
| బ్రౌజర్ డేటాబేస్‌లు | ఆ గంటలోనే | ఒకటి నుంచి పదుల సంఖ్యలో జన్యువులు | కష్టం. చేత్తో నోటు రాసుకోవాలి | ఏదైనా చాలు |
| గెలాక్సీ | ఒకటి రెండు రోజులు | బాక్టీరియా జీనోములు, మధ్యరకం ఆర్‌ఎన్‌ఏ డేటా | చాలా బాగుంటుంది | ఏదైనా చాలు. ఇంటర్నెట్ గట్టిగా ఉండాలి |
| ఆర్ | కొన్ని వారాలు | లెక్కలుగా మారిన డేటా, వేల జన్యువుల పట్టికలు | బాగుంటుంది | 8 జీబీ ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టవచ్చు |
| పైథాన్ | కొన్ని వారాలు | సీక్వెన్స్ ఫైళ్లు, డేటాబేస్‌ల నుంచి సేకరణ, మెషీన్ లెర్నింగ్ | బాగుంటుంది | ల్యాప్‌టాప్, లేదా బ్రౌజర్‌లో నడిచే గూగుల్ కోలాబ్ |
| లినక్స్ కమాండ్ లైన్ | నెల, రెండు నెలలు | ఎంతైనా | చాలా బాగుంటుంది | పెద్ద పనికి సంస్థ సర్వర్ అవసరం |

## బ్రౌజర్ డేటాబేస్‌లు: అందరికీ మొదటి మెట్టు

అమెరికాలో 1988లో ఏర్పడిన ఎన్‌సీబీఐ, ఇంగ్లండ్‌లోని హింక్స్టన్‌లో ఉన్న యూరోపియన్ బయోఇన్ఫర్మేటిక్స్ ఇన్‌స్టిట్యూట్, జపాన్‌లోని డీడీబీజే – ఈ మూడు జీవ సమాచార కేంద్రాలూ తమకు అందిన సీక్వెన్స్‌లను నిత్యం ఒకరితో ఒకరు పంచుకుంటాయి. అందువల్ల హైదరాబాద్‌లో కూర్చున్న విద్యార్థికీ బోస్టన్‌లో కూర్చున్న శాస్త్రవేత్తకూ అందే బహిరంగ డేటా ఒకటే. రుసుము లేదు. ఇంత ఉదారంగా తలుపులు తెరిచి ఉంచిన రంగాలు విజ్ఞానశాస్త్రంలో తక్కువ, మన విద్యార్థులు దీన్ని పూర్తిగా వాడుకోవాలని నా కోరిక.

ఎన్‌సీబీఐలో హెచ్‌బీబీ అని వెతికితే జన్యువు ఎక్కడుంది, ఎన్ని ముక్కలుగా ఉంది, ఏయే జంతువుల్లో దాని బంధువులున్నాయి అన్నవి ఒకే పేజీలో కనిపిస్తాయి. ప్రొటీన్ల డేటాబేస్ అయిన యూనిప్రాట్‌లో ఆ ప్రొటీన్ పేజీ తెరిస్తే, 7వ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వస్తే ఏ వ్యాధి వస్తుందో రాసి ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో ఈ మార్పు 6వ స్థానంలో అని చదువుకున్నవారు ఇక్కడ తికమకపడతారు. ప్రొటీన్ తయారయ్యాక మొదటి అమైనో ఆమ్లమైన మెథియోనిన్ తెగిపోతుంది కాబట్టి పాత లెక్క దాన్ని వదిలేసింది. డేటాబేస్‌లు దాన్ని కలిపి లెక్కిస్తాయి. రెండూ ఒకే మార్పు.

ఇక బ్లాస్ట్. 1990లో వెలువడిన ఈ పద్ధతి, మనమిచ్చిన సీక్వెన్స్‌కు పోలిక ఉన్నవాటిని కోట్ల సీక్వెన్స్‌ల మధ్య నుంచి నిమిషాల్లో వెతికి తెస్తుంది. దీని ఫలితాన్ని చదవడం నేర్చుకోవడమే ఈ మెట్టు మీద చేయవలసిన అసలు పని. ఉదాహరణకు, సికిల్ సెల్ రోగి బీటా గ్లోబిన్‌ను మామూలు మనిషి బీటా గ్లోబిన్‌తో పోల్చండి: 147లో 146 సరిపోతాయి. గొరిల్లా బీటా గ్లోబిన్‌ను మనిషిదానితో పోల్చండి: అక్కడా 146 సరిపోతాయి. రెండు చోట్లా తెర మీద 99 శాతం అనే కనిపిస్తుంది. గొరిల్లాలోని తేడా వల్ల దానికి ఏ హానీ లేదు. రోగిలోని తేడా ప్రాణం మీదికి తెస్తుంది. శాతం ఎంత పోలిక ఉందో చెబుతుంది గానీ, ఆ ఒక్క తేడా ఎంత బరువైనదో చెప్పదు. ఆ సంగతి తెలుసుకోవడానికి మనిషి జీవశాస్త్రం వైపు తిరగాలి.

బ్లాస్ట్ పక్కనే చూపించే ఈ-వాల్యూ గురించి కూడా ఒక మాట. ఇంత పెద్ద డేటాబేస్‌లో ఇంత మంచి పోలిక కేవలం కాకతాళీయంగా ఎన్నిసార్లు తగలవచ్చో ఆ అంకె అంచనా వేస్తుంది. సున్నాకు ఎంత దగ్గరైతే పోలిక అంత నమ్మదగినది. డేటాబేస్ పెరిగే కొద్దీ అదే పోలికకు ఈ అంకె మారిపోతుంది కాబట్టి, వెతికిన తేదీనీ డేటాబేస్ పేరునూ రాసుకోకపోతే వచ్చే ఏడాది అదే ఫలితాన్ని మీరే రాబట్టలేరు.

ఈ మార్గానికి ఉన్న పరిమితి కూడా ఇక్కడే తెలుస్తోంది. ఒక జన్యువుకు ఇది హాయిగా సాగుతుంది. ముప్పై జన్యువులకు అదే పేజీ ముప్పైసార్లు తెరిచి, ముప్పైసార్లు కాపీ చేస్తే, ఎక్కడో ఒక చోట వరుస తప్పుతుంది. తప్పిందన్న సంగతి కూడా తెలియదు.

ఆ కాపీ చేసినవాటిని ఎక్సెల్‌లో అతికించడం ఇంకో ప్రమాదం. సెప్ట్2, మార్చ్1 అన్న జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంది. జన్యువుల జాబితాలను ఎక్సెల్ ఫైళ్లుగా జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదో వంతు వాటిలో ఇలాంటి పొరపాట్లున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి జన్యువుల పేర్లు నిర్ణయించే సంఘమే దిగివచ్చి, 2020లో వాటిని సెప్టిన్2, మార్చ్‌ఎఫ్1గా మార్చింది.

## గెలాక్సీ: ప్రోగ్రామింగ్ రానివారికి దొరికే క్రమశిక్షణ

2005లో మొదలైన గెలాక్సీ బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, పని మాత్రం దూరంగా ఉన్న పెద్ద యంత్రాల మీద జరుగుతుంది. ఎడమ వైపు పనిముట్ల జాబితా, మధ్యలో ఎంపికలు, కుడి వైపు మీరు చేసిన ప్రతి అడుగు చరిత్ర. ఆ కుడి వైపు పట్టీలోనే దీని గొప్పతనమంతా ఉంది. ఏ పనిముట్టు ఏ వెర్షన్, ఏ ఎంపికలతో నడిచిందో మీరు అడగకుండానే నమోదవుతుంది. ఒక నమూనాకు చేసిన వరుసను వర్క్‌ఫ్లోగా మార్చి, మిగిలిన నమూనాలన్నింటికీ ఒకేసారి వర్తింపజేయవచ్చు. లింకు పంపితే గైడు తన ఇంట్లో నుంచే మొత్తం చూడగలరు.

సికిల్ సెల్ ఉదాహరణలో ఇరవై మంది డీఎన్‌ఏ చదివిన ఫైళ్లు చేతికి వచ్చాయనుకుందాం. నాణ్యత చూడడం, జీనోముతో సరిపోల్చడం, మార్పులను గుర్తించడం – ఈ మూడు అడుగులనూ ఒక్క వాక్యం ప్రోగ్రాము రాయకుండా గెలాక్సీలో పూర్తిచేయవచ్చు. దీని అభ్యాస పాఠాలు కూడా ఉచితంగానే ఉన్నాయి, చాలా శ్రద్ధగా రాసినవి.

ఇబ్బందులు లేకపోలేదు. పెద్ద ఫైలు ఎక్కించడానికి ఊళ్లోని ఇంటర్నెట్ సహకరించకపోవచ్చు. సర్వర్ రద్దీగా ఉన్నప్పుడు వరుసలో వేచి ఉండాలి. మీ ఖాతాకు కొంత జాగా మాత్రమే ఇస్తారు. రోగుల డేటా విషయంలో పైన చెప్పిన జాగ్రత్త ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. అన్నింటికీ మించి, పనిముట్ల జాబితాలో లేని ప్రశ్న ఎదురైతే గెలాక్సీ దగ్గర జవాబు ఉండదు. అప్పుడిక రాయడం నేర్చుకోవాల్సిందే.

## ఆర్, పైథాన్: ఎక్కువమంది తర్జనభర్జన పడే చోటు

ఈ రెండింటిలో ఏది గొప్పదన్న వాదన ఎక్కడ మొదలైనా ఎటూ తేలదు, ఎందుకంటే రెండూ దాదాపు అన్ని పనులూ చేస్తాయి. తేడా వాటిని పెంచి పోషించిన మనుషుల్లో ఉంది. ఆర్ గణాంక శాస్త్రవేత్తల చేతుల్లో పుట్టింది. దాని సృష్టికర్తల్లో ఒకరైన రాబర్ట్ జెంటిల్‌మన్ 2001లో బయోకండక్టర్‌ను మొదలుపెట్టారు. నేడు అందులో జీవశాస్త్రం కోసమే రాసిన ప్యాకేజీలు రెండు వేలకు పైగా ఉన్నాయి. పైథాన్ సాధారణ ప్రోగ్రామింగ్ భాషగా పుట్టి, 1999లో మొదలైన బయోపైథాన్ ద్వారా ఈ రంగంలో స్థిరపడింది.

కాబట్టి మీ డేటా ఏ రూపంలో ఉందో చూడండి. వరుసల్లో జన్యువులు, నిలువు గడుల్లో నమూనాలు, మధ్యలో అంకెలు – ఇలాంటి పట్టిక మీ చేతిలో ఉండి, జబ్బు ఉన్నవారికీ లేనివారికీ మధ్య ఏ జన్యువు చురుకుదనం మారిందో తేల్చాలంటే ఆర్ వైపు వెళ్లండి. ఈ పనికి డీసెక్2, ఎడ్జ్ఆర్, లిమ్మా అనే ప్యాకేజీలు ప్రమాణంగా నిలిచాయి. వాటి వెనుక ఉన్న గణాంక ఆలోచన ఎంతో లోతైనది. ఇరవై వేల జన్యువులను ఒక్కొక్కటిగా పరీక్షించి, 0.05 కన్నా తక్కువ పీ-వాల్యూ (నిజంగా తేడా లేకున్నా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం) వచ్చినవాటిని ఏరితే, నిజంగా ఏ తేడా లేకపోయినా దాదాపు వెయ్యి జన్యువులు జాబితాలోకి వచ్చిపడతాయి. ఈ ప్యాకేజీలు అలాంటివి చేరకుండా కావలసిన సవరణను తమంతట తామే చేసి చూపుతాయి. అయితే ఒక వైపు ఒక్క నమూనా, మరో వైపు ఒక్క నమూనా తెచ్చి పోల్చమంటే ఏ భాషా ఆదుకోలేదు. కనీసం మూడేసి నమూనాలు లేనిదే ప్రయోగం మొదలుపెట్టవద్దని ల్యాబ్‌లో ఉన్న ప్రతి విద్యార్థికీ చెప్పాలనిపిస్తుంది.

అదే మీ చేతిలో అక్షరాల రూపంలో ఉన్న ఫైళ్లు ఉండి, వాటిని కత్తిరించి, కలిపి, ఏరి, డేటాబేస్‌ల నుంచి వందల రికార్డులు తెచ్చుకోవలసి ఉంటే పైథాన్ సుఖంగా ఉంటుంది. హెచ్‌బీబీకి బంధువులైన జన్యువులను యాభై జంతువుల నుంచి దింపుకుని, ఒక్కొక్కదాన్ని ప్రొటీన్‌గా మార్చి, 7వ స్థానంలో ఏముందో పట్టికగా రాయడం బయోపైథాన్‌తో కొద్ది వాక్యాల పని. మెషీన్ లెర్నింగ్ వైపు వెళ్లే ఆలోచన ఉన్నవారికి కూడా ఇదే దారి. ల్యాప్‌టాప్ బలహీనంగా ఉన్నవారు గూగుల్ కోలాబ్‌లో బ్రౌజర్ నుంచే పైథాన్ నడుపుకోవచ్చు; ఉచిత ఖాతాలో కొంతసేపటికి సెషన్ ముగిసి అందులోని ఫైళ్లు పోతాయి కనుక, ఫలితాలను వెంటనే డ్రైవ్‌లోకి దాచుకోవాలి.

రెండు భాషల మధ్య తిరిగేవారు తప్పక గుర్తుంచుకోవలసిన తేడా ఒకటుంది. ఆర్ ఒకటి నుంచి లెక్కిస్తుంది, పైథాన్ సున్నా నుంచి లెక్కిస్తుంది. సికిల్ సెల్ మార్పు 20వ అక్షరం దగ్గర ఉంది కదా. ఆర్‌లో 20 అని అడిగితే ఆ అక్షరమే వస్తుంది, పైథాన్‌లో 19 అని అడగాలి. పైథాన్‌లో పొరపాటున 20 అని అడిగితే పక్కనున్న జీ వస్తుంది, ప్రోగ్రాము మాత్రం ఏ తప్పూ చూపకుండా ముందుకు పోతుంది. ఫైళ్ల రకాల్లోనూ ఇదే సమస్య ఉంది: జన్యు మార్పులను నమోదు చేసే వీసీఎఫ్ ఫైళ్లు ఒకటి నుంచి, జీనోములోని ప్రాంతాలను నమోదు చేసే బెడ్ ఫైళ్లు సున్నా నుంచి లెక్కిస్తాయి.

సింగిల్ సెల్ డేటా (ఒక్కో కణాన్నీ విడిగా చదివిన డేటా) విషయంలో రెండూ సమానమే. ఆ పనికి ఆర్‌లో స్యూరా, పైథాన్‌లో స్కాన్‌పై అనే ప్యాకేజీలు ఉన్నాయి. మీ ల్యాబ్‌లో తోటివారు ఏది వాడుతుంటే అదే తీసుకోండి. నిజానికి ఈ సూత్రం చాలా సందర్భాలకు వర్తిస్తుంది: పక్క బల్ల మీద ఉన్న మనిషి సందేహం తీర్చగలిగే భాష, దూరంగా ఉన్న మేలైన భాష కన్నా ఎక్కువ ఉపయోగపడుతుంది.

## లినక్స్ కమాండ్ లైన్: డేటా పెరిగితే తప్పనిది

పెద్ద ఫైళ్లతో పనిచేసే ప్రోగ్రాముల్లో ఎక్కువ భాగం లినక్స్ కోసమే రాశారు. సీక్వెన్స్‌లను జీనోముతో సరిపోల్చే బీడబ్ల్యూఏ, ఆ ఫలితాన్ని చదివే శామ్‌టూల్స్, మార్పులను ఏరే బీసీఎఫ్‌టూల్స్, సొంత యంత్రం మీద నడిచే బ్లాస్ట్ – అన్నీ అక్కడివే. విండోస్ ఉన్నవారు దాన్ని తీసేయనక్కరలేదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే డబ్ల్యూఎస్ఎల్ సదుపాయంతో అందులోనే లినక్స్ నడుస్తుంది. ప్రోగ్రాములను పెట్టుకోవడానికి బయోకొండా అనే ఉచిత సదుపాయం వాడితే, ఒకదాని వెర్షన్ మరొకదానితో తగవు పడే చిక్కు చాలావరకు తప్పుతుంది.

కమాండ్ లైన్ మనం చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, మధ్యలో ఆగి ప్రశ్నించదు. దీనికి ఒక చిన్న నిదర్శనం చాలు. సీక్వెన్స్‌లను అక్షరాలుగా దాచే ఫాస్టా ఫైలులో ప్రతి సీక్వెన్స్ పేరు ముందూ గ్రేటర్ దాన్ గుర్తు (>) ఉంటుంది. ఎన్ని సీక్వెన్స్‌లున్నాయో తెలుసుకోవడానికి గ్రెప్ అనే ఆదేశంతో ఆ గుర్తులను లెక్కిస్తారు. ఆ గుర్తును కొటేషన్ల మధ్య పెట్టడం మరచిపోతే, కమాండ్ లైన్‌కు దాని అర్థం వేరు: ఫలితాన్ని ఈ ఫైలులో రాయి అని. అంతే, రెప్పపాటులో మీ ఫైలు ఖాళీ అవుతుంది. అందుకే మూల డేటాను వేరే ఫోల్డర్‌లో పెట్టి, దాన్ని చదవడానికి మాత్రమే వీలయ్యేలా తాళం వేసుకోవడం మొదటి రోజు నేర్చుకోవలసిన అలవాటు.

మరో జాగ్రత్త మనిషి జీనోముతో పనిచేసేవారికి. సికిల్ సెల్ మార్పు ఉన్న చోటు ప్రామాణిక మానవ జీనోము జీఆర్‌సీహెచ్38 అనే వెర్షన్‌లో 5227002, పాత జీఆర్‌సీహెచ్37లో 5248232. వెర్షన్ పేరు రాయకుండా అంకె ఒక్కటే రాస్తే అది ఎవరికీ పనికిరాదు. పైగా ఈ జన్యువు డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఎదురు పోగు మీద ఉంది కాబట్టి, పాఠ్యపుస్తకం ఏ బదులు టీ అని చెప్పే మార్పు వీసీఎఫ్ ఫైలులో టీ బదులు ఏగా కనిపిస్తుంది. ఇది తెలియనివారు రోగి ఫైలు చూసి, ఇది వేరే మార్పు అనుకునే ప్రమాదం ఉంది.

## ఎవరు ఏది ఎంచుకోవాలి

జీవశాస్త్రం చదివిన ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ విద్యార్థులు. రెండు మూడు వారాలు డేటాబేస్‌లతో గడిపి, తరువాత గెలాక్సీలో ఒక పూర్తి విశ్లేషణ చేయండి. ఆ వరుస అర్థమయ్యాక ఆర్ మొదలుపెట్టండి. ప్రోగ్రామింగ్ పాఠాలతో ఆరంభించి మొదటి నెలలోనే విసిగిపోయేవారిలో ఎక్కువమంది ఈ వర్గం వారే; తమ జన్యువు, తమ ప్రశ్న ఎదురుగా ఉంటే అదే భాష వారికి తేలికగా వస్తుంది. ప్రాజెక్టు పూర్తిగా సీక్వెన్స్‌ల మీదనే అయితే ఆర్ బదులు పైథాన్ తీసుకోవచ్చు.

ఇంజినీరింగ్ నేపథ్యం ఉన్నవారు. పైథాన్, లినక్స్ మీకు వారాల పని. మీకు కొరత జీవశాస్త్రంలో ఉంది, దాన్ని చిన్నచూపు చూడవద్దు. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ, అక్కడి నుంచి ప్రొటీన్ ఎలా వస్తుందో, ఒకే జన్యువు నుంచి పలు రకాల ఆర్‌ఎన్‌ఏలు ఎందుకు పుడతాయో తెలియకుండా రాసిన ప్రోగ్రాము వేగంగా తప్పు జవాబిస్తుంది. రోజలిండ్ అనే ఉచిత అభ్యాస వేదిక మీకు చక్కగా సరిపోతుంది; డీఎన్‌ఏ అక్షరాలను లెక్కించడం దగ్గర మొదలై సమస్యలు ఒకదాని మీద ఒకటిగా కష్టమవుతూ వెళ్తాయి. సమస్య తేలగానే తరువాతి దానికి పరుగెత్తకుండా, దాని వెనుక జీవశాస్త్రం చదివి వెళ్లండి.

డిగ్రీ కళాశాల అధ్యాపకులు. కంప్యూటర్ ల్యాబ్‌లో ముప్పై యంత్రాలు, వాటిలో కొన్ని పాతవి, ఏ సాఫ్ట్‌వేరూ పెట్టుకునే అనుమతి లేదు – చాలా కళాశాలల పరిస్థితి ఇదే. మీకు బ్రౌజర్ మార్గమే మేలు. ముప్పై మందీ ఒకేసారి బ్లాస్ట్ నొక్కితే ఫలితాలు ఆలస్యం కావచ్చు గనుక, పిల్లలను జట్లుగా విడదీసి ఒక్కో జట్టుకు ఒక్కో జంతువు గ్లోబిన్‌ను ఇవ్వండి. చివర్లో అన్ని జట్ల ఫలితాలనూ ఒకే పట్టికలో పెడితే మనిషికి ఏ జంతువు ఎంత దగ్గరో పిల్లలు తామే చెబుతారు.

వ్యవసాయ పరిశోధకులు. తెలుగు నేల మీద ఈ రంగం ఫలితం చూపిన చోటు పొలం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వాన కంది జీనోము 2012లో వెలువడింది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరిలోకి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను మార్కర్ల (జన్యువు ఉనికిని పట్టిచ్చే డీఎన్‌ఏ గుర్తుల) సాయంతో చేర్చిన మేలు రకాన్ని హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తయారుచేశాయి. మీ పని ఇలాంటి మార్కర్లకు ప్రైమర్లు (పరీక్షలో వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) చూసుకోవడం వరకే అయితే బ్రౌజర్‌లో దొరికే ప్రైమర్-బ్లాస్ట్, ఎన్సెంబుల్ ప్లాంట్స్ చాలు. ప్రోగ్రామింగ్ కోసం పంట కాలం వృథా చేసుకోనక్కరలేదు. వందల రకాల దిగుబడి కొలతలను జన్యు మార్పులతో కలిపి చూడవలసి వస్తే ఆర్ తప్పనిసరి, ఎందుకంటే అక్కడ గణాంకమే ప్రధానం.

వైద్యులు. మీ ముందుకు వచ్చే ప్రశ్న సాధారణంగా ఒక్కటే: నివేదికలో ఉన్న ఈ మార్పు హానికరమా? దీనికి క్లిన్‌వార్, నోమ్యాడ్, ఓమిమ్ అనే మూడు బహిరంగ డేటాబేస్‌లను చదవడం వస్తే చాలు. జనాభాలో ఏ మార్పు ఎంత సాధారణమో చూపే నోమ్యాడ్‌లో దక్షిణాసియా వారి లెక్కలు విడిగా ఉంటాయి. యూరప్‌లో అరుదైన మార్పు మన దగ్గర సాధారణం కావచ్చు కనుక ఆ గడి చూడకుండా నిర్ణయానికి రావద్దు. వెతికేటప్పుడు మార్పు పేరును మాత్రమే ఇవ్వండి, రోగి ఫైలును ఎక్కడా ఎక్కించవద్దు. ఫైళ్లనే విశ్లేషించవలసిన పరిశోధన చేపడితే, సంస్థ లోపలి సర్వర్ మీద లినక్స్‌తో పనిచేసే సహచరుణ్ని మొదటి రోజు నుంచే జట్టులోకి తీసుకోండి. నమూనాలన్నీ సేకరించాక పిలిస్తే, ఎన్ని నమూనాలు కావాలో ఎలా విభజించాలో చెప్పే అవకాశం ఆయనకు ఉండదు.